తిరిగి చెప్పాల్సిన మాట

లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఒకడు లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి తాళ్ళూ పట్టాలూ చూసుకుంటూ ఉంటాడు. ఇంకొకడు మేడమీద మెషిన్ రూములో మీట దగ్గర ఉంటాడు. పెట్టె మీదవాడు "పైకి" అని కేక వేస్తాడు. మీట దగ్గరవాడు "పైకి" అని తిరిగి చెప్తాడు. తిరిగి చెప్పాకే మీట నొక్కాలి. చెప్పకపోతే పెట్టె కదలదు, మనిషీ కదలడు. రెండో కేక కూడా వెయ్యడు, అలాగే నిలబడి ఎదురుచూస్తాడు. మాట తిరిగొచ్చిందంటే అవతలివాడు విన్నాడని లెక్క. ఆ చీకటి గొయ్యిలో ప్రాణం నిలిచేది ఆ ఒక్క నమ్మకం మీదే.

బావ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి ఇది ఒంటబట్టేసింది. బావ అంటే షెడ్డులో అందరికీ బావే. మేనేజరు కూడా ఓసారి అలాగే పిలిచేసి నాలిక కరుచుకున్నాడు. నిజానికి ఆయన బావ అయ్యేది ఒక్కడికే, భార్య తమ్ముడికి. మీసం రాని వయసులో అక్క వెంట ఆ ఇంటికొచ్చి, బావ వెనకాల పనిముట్ల సంచీ మోసి, పని నేర్చుకుని, ఇప్పటికీ ఆ ఇంటి వెనక గదిలోనే ఉంటున్నాడు. పెళ్ళి చేసుకోరా అని పోరి పోరి అక్క నోరు నొప్పి పుట్టి ఊరుకుంది. ఇంట్లోనూ ఇద్దరిదీ అదే వరస. అక్క "పాలు తెండి" అంటే బావ "పాలు" అని చెప్పులు తొడుక్కునేవాడు. "తలుపెయ్యరా" అంటే తమ్ముడు "తలుపు" అని లేచేవాడు. "రెండు చిలకల్ని పెంచుతున్నాను, ఎగరనూ ఎగరవు" అనేది అక్క.

అలాంటి బావ, తన ఒంట్లో ఏం జరుగుతోందో మొట్టమొదట చెప్పింది ఈ బావమరిదికే. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఏమన్నా చెయ్యడానికి ఇంకా వీలున్నప్పుడే చెప్పాడు. కాకపోతే జపనీస్‌లో చెప్పాడు. ఈ మహానుభావుడు శ్రద్ధగా విని, అందులో తప్పులు దిద్దాడు.

జపనీస్ గొడవ ఎక్కడిదంటే, వాళ్ళ కంపెనీ కొత్తరకం లిఫ్టులు తెప్పించింది. వాటి పని నేర్చుకోడానికి జపాన్ ఫ్యాక్టరీకి ఏడాదిపాటు మనుషుల్ని పంపిస్తారు. జంటలుగానే పంపిస్తారు, ఒక పెద్ద మెకానిక్, ఒక చిన్న మెకానిక్. చిన్నవాడికి నలభై దాటకూడదు. ముందు ఇద్దరూ కలిసి కూర్చుని జపనీస్‌లో మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. జంటలో ఒకడు మానుకుంటే రెండోవాడికి పరీక్షే లేదు. బావమరిదికి ఇదే ఆఖరి అవకాశం, వచ్చే విడతకి నలభై దాటిపోతుంది. ఆ ఫ్యాక్టరీ చూడాలని అతనికి ఎంత ఆశో బావకి తెలుసు. పెళ్ళి గురించి అడిగితే గోడ వైపు చూసే మనిషి, ఆ కొత్త మోటారు బొమ్మ మాత్రం గది గోడకి అంటించుకున్నాడు.

క్లాసు ఒక కళ్ళజోళ్ళ షాపు మీద గదిలో జరిగేది. పాత సామాను గది అది. పెద్ద అక్షరాల నుంచి చీమల్లాంటి అక్షరాల దాకా దిగే కళ్ళ పరీక్ష అట్ట ఒకటి ఇంకా గోడకి వేలాడుతూ ఉండేది. టీచరమ్మ జపాన్‌లో చాలా ఏళ్ళు కాపురం చేసొచ్చింది. ఇరుగమ్మా పొరుగమ్మల దగ్గర భాష పట్టింది.

"పుస్తకం భాష ఇస్త్రీ చొక్కా" అంది మొదటిరోజునే. "అది మేనేజర్ల దగ్గర వేసుకోండి. మీరు పనిచేసే చోట అందరూ బనీన్లలో ఉంటారు. వాళ్ళ మాట పొట్టిగా ఉంటుంది. ఏదన్నా చెయ్యక తప్పదనుకోండి, చివర 'నక్య' తగిలిస్తారు. వెళ్ళాలి, తప్పదు అంటే, ఇకనక్య. చేసుంటే బావుండేదే అని బాధపడితే చివర 'యొకత్త' వస్తుంది. వెళ్ళుంటే బావుండేది అంటే, ఇకెబా యొకత్త. ఈ రెండూ వస్తే చాలు, సగం బతుకు మాట్లాడేయొచ్చు."

ఆవిడ పద్ధతల్లా సంభాషణే. ఇద్దరిద్దరు ఎదురుబదురుగా కూర్చుని, ఒకరు మాట విసిరితే ఇంకొకరు అందుకోవాలి. దానికి తోడు ఇంకో రూలు పెట్టింది. అబద్ధం వాక్యాలు చెప్పకూడదు. "మీ సొంత సంగతి చెప్పండి. అబద్ధం నోట్లో నిలవదు, పరీక్షనాటికి ఎగిరిపోతుంది" అనేది.

బావమరిది చురుకైనవాడు. ఇట్టే పట్టేశాడు. బావకి మాత్రం చివర సాగదీసే అలవాటు పోలేదు. ఇకనక్యా, యొకత్తా అని రాగం తీసేవాడు.

"సాగదీయకండి. చివర టక్కున తెంపాలి, తాడు తెగినట్టు" అంది టీచరమ్మ.

"మా ముందు ఆ మాటనకండి మేడమ్" అన్నాడు బావ. "తాడు తెగుద్దంటే మాకు అన్నం సయించదు."

గదంతా నవ్వింది. బావ ఉన్నచోట నవ్వుకేం కరువు లేదు. అదే కొంప ముంచింది.

మొదటి వారాల్లో బావమరిది వాక్యం "సెంతకు షినక్య", బట్టలుతుక్కోవాలి. బావ వంతు వచ్చింది. కాస్త ఆలోచించి, "కుసురి ఓ నొమనక్యా" అన్నాడు. మందు వేసుకోవాలి అని. వాళ్ళ భాషలో మందుని వేసుకోరు, తాగుతారు. వెనక బెంచీవాడు దాన్ని మాటకి మాట తెలుగులోకి మార్చి, "బావ మందు తాగాలంటున్నాడు" అన్నాడు. ఇంకేముంది, క్లాసు గొల్లుమంది. బావా నవ్వాడు. బావమరిది నవ్వాపుకుంటూ, "నొమనక్య. చివర తెంపు బావా" అని, పద్ధతిగా తిరిగి చెప్పాడు. "కుసురి ఓ నొమనక్య."

బావ అతని వైపు ఒక క్షణం చూశాడు. "ఊఁ" అన్నాడు.

ఏం మందు, ఎందుకు వేసుకుంటున్నావు అని అడగాలని అతనికి తట్టలేదు. వాక్యం బావుంది, చివర ఒక్కటీ సాగింది. అంతే అతనికి వినపడింది.

తరవాత ఇంకో రోజు, "బ్యోఇన్ నీ ఇకనక్యా" అన్నాడు బావ. ఆసుపత్రికి వెళ్ళాలి. అతను దిద్ది తిరిగి చెప్పాడు. యొకత్త పాఠం వచ్చినప్పుడు, "మొత్తొ హయాకు ఇకెబా యొకత్తా" అన్నాడు. ఇంకా ముందే వెళ్ళుంటే బావుండేది. టీచరమ్మ చాలా మంచి వాక్యమని మెచ్చుకుంది. బావమరిది మళ్ళీ తోక కత్తిరించి తిరిగి చెప్పాడు. మరోసారి, "ఓకుసన్ నీ ఇవనక్యా" అన్నాడు. భార్యకి చెప్పాలి, తప్పదు.

"అది కాదు బావా. ఓకుసన్ అంటే అవతలివాళ్ళ భార్య. మన భార్యనైతే త్సుమా అనాలి."

"త్సుమా" అన్నాడు బావ, బుద్ధిగా. "త్సుమా నీ ఇవనక్యా."

"త్సుమా నీ ఇవనక్య" అని తిరిగి చెప్పాడు బావమరిది. నేర్పించానన్న సంతోషంతో కాలు మీద కాలేసుకున్నాడు కూడా.

ఏం చెప్పాలి మా అక్కకి? ఈ ముక్క అడగడానికి ఏ భాషా నేర్చుకోనక్కర్లేదు. మెట్లు దిగుతూ అడగొచ్చు, బస్సులో అడగొచ్చు. దిగేటప్పుడు మెట్ల మధ్యలో బావ ఆగి, పక్కనున్న కమ్మీ పట్టుకుని, "మోకాళ్ళురా" అనేవాడు. బెల్టుకి దబ్బనంతో కొత్తగా చిల్లు పొడుచుకున్నాడు. మధ్యాహ్నం డబ్బా సగం అలాగే వెనక్కి వెళ్ళేది. అక్క ఊరుకునే మనిషి కాదు, తమ్ముడి మీద విరుచుకుపడింది.

"ఆ చదువేదో పెట్టించి ఆయన్ని పీల్చేస్తున్నావురా. చూడు, చొక్కాలో మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి."

"పరీక్ష అయిపోతే అంతా సర్దుకుంటుందక్కా."

"పరీక్ష అయిపోతే సర్దుకుంటుంది" అని బావ తిరిగి చెప్పాడు, టీ గ్లాసులోకి చూస్తూ.

పరీక్ష కంపెనీ మేడమీద గదిలో. ఫ్యాక్టరీ నుంచి తలనెరిసిన పెద్దాయన ఒకడొచ్చాడు. పొడుగాటి బల్ల, మూడు మంచినీళ్ళ గ్లాసులు. పెద్దాయన మెల్లగా, విడమరిచి, చెయ్యక తప్పనిదో, చెయ్యనందుకు బాధపడుతున్నదో ఒకటి చెప్పుకుంటూ ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోండి అన్నాడు. సరిగ్గా ఇదే వస్తుందని వీళ్ళకి ముందే తెలుసు. పక్కాగా గొడుగు సంభాషణ తయారుచేసుకున్నారు. బావ "గొడుగు తెచ్చుకునుంటే బావుండేది" అనాలి. బావమరిది "వాన కదా" అనాలి. వారం రోజులుగా వంటింట్లో, బస్సులో, లిఫ్టు గొయ్యిలో పైనుంచి కిందకి ఇదే వల్లించారు. అక్కకి కూడా వచ్చేసింది.

బావ గొంతు సవరించుకున్నాడు. పెద్దాయన ఆయన కళ్ళలోకే చూస్తున్నాడు, ఊరికే, మనిషి మాట్లాడబోతుంటే ఎదుటి మనిషి చూసినట్టు.

"బ్యోఇన్ నీ మొత్తొ హయాకు ఇకెబా యొకత్తా" అన్నాడు బావ.

ఆసుపత్రికి ఇంకా ముందే వెళ్ళుంటే బావుండేది. గొడుగు మర్చిపోయాడ్రా దేవుడా అనుకున్నాడు బావమరిది. సంభాషణ తెగకూడదు, తెగితే మార్కులు పోతాయి. గబగబా తన వంతు అందుకున్నాడు.

"అమె దా నె" అన్నాడు. వాన కదా.

పెద్దాయన అతని వైపు చూడనేలేదు. చేతిలో పెన్ను బల్లమీద పెట్టాడు. కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని, "దైజోబు?" అని అడిగాడు. బాగానే ఉన్నారా అని. తరవాత ఇంకా మెల్లగా, తన ఒంటినే అక్కడక్కడా తాకి చూపిస్తూ, "దొకొ గా వారుయి?" అన్నాడు. ఎక్కడ బాగాలేదు?

బావ చెయ్యి పొట్టమీదకి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

బావమరిదికి ఆ మాటలన్నీ అర్థమయ్యాయి. ఒక్కటంటే ఒక్కటీ కొత్త మాట కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్కసారి విని పెన్ను కింద పెట్టాడు. తను నెలల తరబడి విని తోకలు కత్తిరించాడు. చెవుల్లో గాలి దూరినట్టు హోరు. వాన కదా అన్న తన మాట ఇంకా ఆ గదిలోనే తిరుగుతున్నట్టుంది. అతని తల వాలిపోయింది.

పాసయ్యారు. ఎలా పాసయ్యారో అతనికి గుర్తులేదు. మెట్ల దగ్గరకి వచ్చాక బావ కమ్మీ పట్టుకుని ఆగి, "నువ్వు గట్టెక్కావురా" అన్నాడు, ఆయాసంలో నవ్వుతూ. "ఇంక నా బదులు ఇంకో పెద్ద మెకానిక్‌ని వేసినా నీకు ఢోకా లేదు. కనుక్కున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

"చెప్పాను కదరా."

"నాకు..."

"డాక్టరు గడ్డ అన్నాడు. కోసి చూడాలన్నాడు. కోయించుకుంటే పరీక్షకి ఎవరొస్తారు? నువ్వొక్కడివీ రావడానికి లేదు." బావ మెట్టు మీద కూర్చున్నాడు. "అలాగని మింగేసి ఊరుకోవడమూ నా వల్ల కాలేదు. ఎక్కడో ఒకచోట అనాలి కదా. అందుకని అక్కడన్నాను. నువ్వు తిరిగి చెప్పావు."

బావమరిది పక్కన కూలబడ్డాడు.

"ప్రతిసారీ తిరిగి చెప్పావురా. విన్నావనే అనుకున్నాను. విని, పరీక్ష దాకా ఆగుదాం, అప్పటిదాకా అక్కకి చెప్పొద్దు అనుకుంటున్నావేమో అనుకున్నాను. ఆ ధైర్యంతోనే నడిచాను. వాడికి తెలుసు, పైన మీట దగ్గర వాడున్నాడు అని. ఇందాక నువ్వు వాన అన్నాక గాని తెలీలేదు, పైన ఎవరూ లేరని."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఆ మనిషి తప్పు కూడా ఉందని వాదించేవాళ్ళు వాదించుకోవచ్చు, అలాంటి మాట ఇంటి భాషలో సూటిగా చెప్పాల్సిందని. నిజమే. కానీ ఇరవై ఏళ్ళపాటు ఒకడి నోట తిరిగొచ్చిన మాట మీద ప్రాణం పెట్టి నిలబడ్డవాడు, ఆ ఒక్కచోట నమ్మొద్దని ఎలా అనుకుంటాడు?

అక్కకి ఆ సాయంత్రమే తెలిసింది. మర్నాడు ఆసుపత్రి. పరీక్షలమీద పరీక్షలు. ఆఖరికి డాక్టరు, ఈ మాట చెప్పడం అలవాటైపోయినవాళ్ళ గొంతుతో, కొంచెం ముందే వచ్చుంటే బావుండేదమ్మా అన్నాడు. బావమరిది గోడవైపు తిరిగాడు. ఆ వాక్యం అతనికి రెండు భాషల్లో వచ్చు.

"రోజూ పక్కనే కూర్చున్నావు కదరా" అంది అక్క, వార్డు బయట బెంచీమీద. "నీకేం చెప్పలేదా?"

"చెప్పాడక్కా" అన్నాడు. "నాకు చెప్పాడు. నీకు చెప్పాలని కూడా చెప్పాడు. నేను వినలేదు."

అక్క అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ తరవాత కొన్నాళ్ళు అతనితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బా తెచ్చి బెంచీమీద పెట్టేది, తిన్నావా అనేది కాదు. ఆవిడ ఏడ్చి తిట్టుంటే కాళ్ళమీద పడి ఏడ్చేవాడు. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

బావ మంచం కిటికీ పక్కన. రోజురోజుకీ దుప్పటి కింద మనిషి తగ్గిపోతున్నాడు. ఒక మధ్యాహ్నం అక్క మందులకి కిందకి వెళ్ళినప్పుడు, బావమరిది స్టూలు దగ్గరకి లాక్కున్నాడు. ఇంటి భాషలో ఎన్నిసార్లు మొదలుపెట్టినా బావా అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. చివరికి ఆ భాషలోనే అన్నాడు.

"కికెబా యొకత్తా." విని ఉంటే బావుండేది.

ఏడుపులో చివర సాగిపోయింది. బావ కళ్ళు తెరిచాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, అయినా మూలల్లో పాత నవ్వు.

"తోక సాగింది" అన్నాడు. "టక్కున తెంపాలిరా."

బావమరిది మంచం పట్టీమీద తల ఆనించి భోరుమన్నాడు. బావ చెయ్యి వచ్చి తలమీద పడింది. జుట్టు కాస్త కదిపి, అక్కడే అలసి ఆగిపోయింది. అంతకంటే క్షమించడం అంటూ ఇంకేమీ ఉండదు, ఆ మనిషి దగ్గర.

బావ ఆఖరిసారి మాట్లాడింది ఇంకో మధ్యాహ్నం. ఊపిరికీ ఊపిరికీ మధ్య చాలా ఎడం వస్తోంది. రొమ్ములో గురక. నర్సు వచ్చి చూసి, తెర సగం లాగి వెళ్ళింది. అక్క ఒక పక్క, తమ్ముడు ఒక పక్క. బావ కళ్ళు తిప్పి అతన్ని వెతుక్కున్నాడు.

"ఇకనక్యా" అన్నాడు.

వెళ్ళాలి, తప్పదు. తనని ఫ్యాక్టరీకి వెళ్ళమంటున్నాడనుకున్నాడు బావమరిది. "వెళ్తానులే బావా, తప్పకుండా వెళ్తాను" అన్నాడు. బావ తల అడ్డంగా ఊపాడు. వేలు ఒక్కటి దుప్పటి మీదనుంచి లేపి తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. పెట్టుకుని, చూస్తూ ఉన్నాడు.

ఆ చూపు అతనికి తెలుసు. పెట్టె నెత్తిమీద నిలబడి, కేక వేసేసి, తలెత్తి పైకి చూసే చూపు. రెండో కేక వెయ్యడు. ఎంతసేపైనా అలాగే నిలబడతాడు.

అతను తిరిగి చెప్పలేదు. చెప్పనంటే చెప్పనని పళ్ళు బిగించుకున్నాడు. కట్టుబాటు కట్టుబాటే కదా, మాట తిరిగి రానిదే కదలకూడదు కదా. అయితే కదలొద్దు. ఇన్నాళ్ళూ అక్కర్లేని మాటలన్నీ తిరిగి చెప్పినవాడు, ఈ ఒక్కటీ చెప్పడు. బావ ఎదురుచూస్తున్నాడు. ఒక్కో ఊపిరీ ఈడ్చి ఈడ్చి తీసుకుంటూ, నుదురంతా చెమటతో, ఎదురుచూస్తున్నాడు. కిటికీలో ఎండ మంచం మీదనుంచి నేలమీదకి దిగింది.

"ఏమంటున్నారురా?" అంది అక్క.

"వెళ్ళాలంటున్నాడక్కా."

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తరవాత చెయ్యి చాపి, ఇన్నాళ్ళ తరవాత మొదటిసారి, తమ్ముడి భుజం పట్టుకుంది.

"ఆయన్ని నిలబెట్టకు" అంది. "తిరిగి చెప్పు."

అతను బావ చెవి దగ్గరకి వంగాడు. "ఇకనక్యా" అన్నాడు, చివర తెంపకుండా, బావ ఎలా అన్నాడో అలాగే, ఊపిరి ఉన్నంతమేరా సాగదీస్తూ.

బావ విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.